స్టార్టర్‌లో పుల్ల పెట్టొద్దని రాయండి, కాయిల్ ఎందుకు కాలుతుందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

నేను జనగామ దగ్గర ఒక మండలంలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నా, ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. పోయిన వారం మీ పేపర్ జిల్లా పేజీలో యాసంగి వరికి నీళ్లు పెట్టే టైంలో మోటార్లు కాలుతున్నాయి, మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బాలు కాలుతున్నాయి, రైతులు రిపేరు షాపుల చుట్టూ తిరుగుతున్నారు అని వార్త వేశారు. మంచి వార్త, ఆ ఫోటోలో ఉన్నట్టే మా షాపు ముందు కూడా పొద్దున ఏడింటికే నలుగురు ఐదుగురు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటారు. కానీ కారణం దగ్గరికి వచ్చేసరికి లో వోల్టేజీ అని ఒక్క మాట రాసి వదిలేశారు. లో వోల్టేజీ నిజమే, నేను కాదనట్లేదు, కానీ ఒకసారి ఆలోచించండి, వోల్టేజీ తక్కువొస్తే ఇంట్లో పాత పసుపు బల్బు మసకగా వెలుగుతుంది, అంతేగానీ కాలిపోదు, ఎక్కువొస్తేనే కాలుతుంది. మరి స్టార్టర్‌లో కాయిల్ తక్కువ వోల్టేజీకి ఎందుకు కమిలిపోవాలి? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రైతుకి తెలిస్తే మా షాపుకి వచ్చే కాయిళ్లలో సగం రావు, నాకు గిరాకీ తగ్గినా పర్లేదు, అందుకే ఈ ఉత్తరం. కాయిల్ కాలితే స్టార్టర్‌లో కట్టె పుల్ల పెట్టి మోటార్ నడిపేవాళ్ల సంగతి కూడా చివర్లో చెప్తా. కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బాలో ఏముంటుందో చెప్తా. మూత తీస్తే మధ్యలో ఒక ప్లాస్టిక్ బాబిన్ మీద సన్నటి ఎనామిల్ వైరు వేల చుట్లు చుట్టి ఉంటుంది, అదే కాయిల్, నో వోల్ట్ కాయిల్ అంటారు. దాని మధ్యలోంచి ఇంగ్లీషు E అక్షరం ఆకారంలో ఇనుప రేకుల కట్ట ఒకటి కదలకుండా బిగించి ఉంటుంది, దానికి ఎదురుగా అలాంటిదే ఇంకోటి స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది, మోటారుకి పోయే మూడు ఫేజుల పాయింట్లు ఈ కదిలే ఇనుముకే కట్టి ఉంటాయి. ఆకుపచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు పోతుంది, ఇనుము అయస్కాంతం అవుతుంది, రెండో ఇనుమును టక్కున లాక్కుంటుంది, పాయింట్లు కలుస్తాయి, మోటార్ తిరుగుతుంది. కాయిల్‌లో కరెంటు పోతే స్ప్రింగు తోసేస్తుంది, మోటార్ ఆగుతుంది. స్టార్టర్ అంటే ఇంతే, ఒక తీగ చుట్ట, ఇనుము, స్ప్రింగు.

మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. మొన్న సంక్రాంతి సెలవుల్లో విద్యుదయస్కాంతత్వం పాఠం ముందేసుకుని నాన్నా సోలినాయిడ్ అంటే ఏంటి అంది. నాకు ఆ పేరు ట్రాక్టర్ సెల్ఫ్ మోటార్ దగ్గర సోలినాయిడ్ స్విచ్ అనడం వరకే తెలుసు, పుస్తకంలో బొమ్మ చూస్తే అది మన కాయిలే. నేను పొద్దంతా చుట్టేది అదే కదా బిడ్డా అని షాపుకి తీసుకుపోయా. అరంగుళం పీవీసీ పైపు ముక్క ఒకటి కోసి, దాని మీద పది సెంటీమీటర్ల పొడుగున 24 గేజ్ వైరు రెండు లేయర్లలో 300 చుట్లు చుట్టి ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాం, ఏడు ఆంపియర్ల పైనే లాగింది, అందుకే రెండు సెకన్లకి మించి పెట్టనీయలేదు, వెంటనే వేడెక్కుద్ది. పైపు మూతి దగ్గర ఇనుప బోల్టు పెడితే సర్రున లోపలికి లాక్కుంది. ఆ పిల్ల మొహం చూడాలి మీరు. బ్యాటరీ వైర్లు తిరగేసి పెట్టింది, ఇప్పుడు బయటికి తోస్తుందేమో అనుకుంది, మళ్లీ లోపలికే లాగింది. ఎందుకంటే బోల్టుకి సొంత అయస్కాంతం లేదు, కాయిల్ ఏ వైపు తిప్పితే అది ఆ వైపే అయస్కాంతం అవుతుంది, దగ్గరున్న కొస ఎప్పుడూ ఎదురు ధృవమే అవుతుంది కాబట్టి కరెంటు ఎటు పోయినా లాగుడే తప్ప తోపు ఉండదు. స్టార్టర్ ఏసీ కరెంటు మీద పని చేస్తుందంటే కారణం ఇదే, సెకనుకి 50 సార్లు కరెంటు అటూ ఇటూ తిరుగుతున్నా ఇనుము మాత్రం ఒక్క వైపుకే వస్తుంది.

తర్వాత ఆమె ఇంకో ప్రశ్న వేసింది, దానికి నేను కాసేపు ఆగాల్సి వచ్చింది. బోల్టు మధ్యదాకా వచ్చి ఎందుకు ఆగిపోతుంది నాన్నా, మధ్యలోనే కదా అయస్కాంతం ఎక్కువ, ఇంకా గట్టిగా లాగాలి కదా అని. పుస్తకంలో బలరేఖల బొమ్మ చూపిస్తూ అడిగింది, అక్కడ కాయిల్ లోపల గీతలన్నీ సమానంగా పక్కపక్కనే పోతాయి, మూతుల దగ్గర విచ్చుకుంటాయి. జవాబు ఆ బొమ్మలోనే ఉంది. ఇనుమును లాగేది అయస్కాంత క్షేత్రం ఎంత ఉంది అన్నది ఒక్కటే కాదు, అడుగు అడుగుకీ ఎంత పెరుగుతుంది అన్నది. మూతి దగ్గర క్షేత్రం మధ్యలో ఉన్నదాంట్లో సగమే ఉంటుంది, బయటికి వచ్చేకొద్దీ ఇంకా పడిపోతుంది, అందుకే అక్కడ బలంగా లాగుతుంది, మధ్యకి పోయాక రెండు వైపులా సమానం అయిపోతుంది, ఇక ఎటూ లాగే పని లేదు. మేం చుట్టిన కాయిల్ మధ్యలో లెక్కేస్తే సుమారు 0.03 టెస్లా వచ్చింది, టెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కొలత, భూమి అయస్కాంతం మన దగ్గర 0.00004 టెస్లా చిల్లర, అంటే ఆ పైపు ముక్కలో భూమి కంటే ఏడు వందల రెట్లు. లెక్క ఆమే వేసింది, ఫార్ములా ఇంతే, మీటరుకి చుట్లు ఇంటూ కరెంటు, దాన్ని ఒక స్థిరాంకంతో గుణించడం. ఫార్ములా నోటికి వచ్చిన పిల్లకి అది ఒక పైపు ముక్కలో పని చేస్తుందని తెలియడానికి సంక్రాంతి సెలవులు కావాల్సి వచ్చింది, నాకు అదే బాధ.

ఇంకో మాట చెప్పి స్టార్టర్‌కి వస్తా. 1820లో కోపెన్‌హాగన్‌లో ఆయర్‌స్టెడ్ కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు తిరగడం చూశాడని పిల్లలందరికీ తెలుసు, పాఠంలో ఉంది. కానీ తీగను ఇనుము మీద చుట్టి మొదటి విద్యుదయస్కాంతం చేసిన విలియం స్టర్జన్ ఇంగ్లండ్‌లో చెప్పులు కుట్టే పని నేర్చుకుని తర్వాత సైన్యంలో చేరిన మనిషి అని ఎవరూ చెప్పరు. 1825లో గుర్రపు నాడా ఆకారంలో వంచిన 200 గ్రాముల ఇనుముకి వార్నిష్ పూసి పద్దెనిమిది చుట్లు తీగ చుట్టి నాలుగు కిలోల బరువు లేపాడు. అప్పట్లో తీగకి ఇన్సులేషన్ లేదు, అందుకే ఇనుముకి వార్నిష్ పూశాడు, చుట్టుకి చుట్టు తగలకుండా దూరం దూరంగా చుట్టాడు. ఆ తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ, ఆయన కూడా చిన్నప్పుడు వాచీలు రిపేరు చేసేవాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాడే, తీగకే పట్టు చుట్టి లేయర్ మీద లేయర్ చుట్టాడు, 1831లో ఆయన చేసిన అయస్కాంతం 900 కిలోలు దాటి లేపింది. నేను రోజూ చుట్టే ఎనామిల్ వైరు ఆ పట్టు తీగ వంశమే. చేతిపని చేసేవాళ్లు కనిపెట్టిన వస్తువు ఇది, చేతిపని చేసే ఇళ్ల పిల్లలకి ఆ ముక్క తెలిస్తే ఎంత ధైర్యం వస్తుందో కదా అండి.

సరే, కాయిల్ ఎందుకు కాలుతుంది.

అంతా ఆ రెండు ఇనుప ముక్కల మధ్య సందులో ఉంది. అయస్కాంత బలరేఖలకి ఇనుములో పోవడం చాలా తేలిక, గాలిలో పోవడం చాలా కష్టం. ఎంత కష్టం అంటే ఒక్క మిల్లీమీటర్ గాలి సందు దాటడం, రెండు మూడు మీటర్ల పొడుగు ఇనుములో పోవడంతో సమానం. కాబట్టి ఇనుము ఇనుముకి అతుక్కుని ఉంటే కొంచెం కరెంటుతో బోలెడు అయస్కాంతం వస్తుంది, సందు ఉంటే అదే అయస్కాంతానికి ఎన్నో రెట్లు కరెంటు కావాలి. ఇప్పుడు ఏసీ కాయిల్ సంగతి ఏంటంటే దానిలో కరెంటును ఆపేది తీగ రెసిస్టెన్స్ కాదు, రెసిస్టెన్స్ పాత్ర చాలా తక్కువ. మారుతున్న అయస్కాంతమే తిరిగి కాయిల్‌లో ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును అడ్డుకుంటుంది. ఇనుము మూసుకుని ఉంటే ఆ అడ్డు గట్టిగా ఉంటుంది, కరెంటు కొద్దిగా పోతుంది. ఇనుము తెరుచుకుని ఉంటే అడ్డు బలహీనం, కరెంటు దూసుకుపోతుంది. మామూలు స్టార్టర్ కాయిల్‌లో లాక్కునే క్షణంలో పోయే కరెంటు, పట్టుకుని ఉన్నప్పుడు పోయే కరెంటు కంటే ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. లాక్కోవడం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది కాబట్టి కాయిల్‌కి ఏం కాదు, దాన్ని డిజైన్ చేసిందే అలా.

కానీ వోల్టేజీ చాలక ఇనుము సగం దాకా వచ్చి ఆగిపోయింది అనుకోండి, గుర్రుమని కొట్టుకుంటూ అక్కడే ఉంది అనుకోండి, అప్పుడు ఆ ఆరు రెట్ల కరెంటు క్షణం కాదు, నిమిషాల తరబడి పోతూనే ఉంటుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, ఆరు రెట్ల కరెంటు అంటే ముప్పై ఆరు రెట్ల వేడి. సన్నటి తీగ, మధ్యలో గాలి ఆడదు, ఎనామిల్ కరిగి చుట్టుకి చుట్టు షార్ట్ అయిపోతుంది, కాలిన వాసన వస్తుంది, ఇక అంతే. అంటే లో వోల్టేజీ కాయిల్‌ను నేరుగా కాల్చట్లేదు, ఇనుమును మూసుకోనివ్వట్లేదు, మూసుకోని ఇనుము కాయిల్‌ను కాలుస్తుంది. మీ వార్తలో రాయాల్సిన ముక్క ఇది.

ట్రాక్టర్ సెల్ఫ్‌లో ఇలా కాదు, అది బ్యాటరీ కరెంటు, డీసీ, అక్కడ ఇనుము తెరిచి ఉన్నా మూసి ఉన్నా కాయిల్‌లో ఒకటే కరెంటు, అందుకే అందులో లాగడానికి ఒక చుట్ట పట్టుకోవడానికి ఇంకో చుట్ట విడివిడిగా పెడతారు. చలికాలం పొద్దున బ్యాటరీ వీక్ అయినప్పుడు సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ అని కొట్టుకుంటుంది చూడండి, అది పట్టుకునే చుట్టకి వోల్టేజీ చాలక ఇనుము వదిలేస్తూ మళ్లీ లాక్కుంటూ ఉండటం.

మరి వోల్టేజీ కొంచెం తగ్గితే పట్టు కొంచెమే తగ్గాలి కదా అని అడుగుతారు. అట్లా కాదు. లాగే బలం అయస్కాంతం వర్గంతో మారుతుంది. అతుక్కున్న ఇనుము ముఖం మీద 1 టెస్లా ఉంటే ఒక చదరపు సెంటీమీటర్‌కి సుమారు నాలుగు కిలోల పట్టు, అర టెస్లా అయితే రెండు కిలోలు కాదు, ఒక్క కిలోనే. 415 వోల్టుల కాయిల్‌కి 290 వోల్టులు వస్తే వోల్టేజీ మూడో వంతు కంటే తక్కువే పడింది, కానీ పట్టు సగానికి సగం పోయింది. స్ప్రింగు మాత్రం పాత బలంతోనే తోస్తుంటుంది. కాంటాక్టర్లు, అంటే స్టార్టర్ లోపలి ఈ కాయిల్, ఇనుము, పాయింట్ల సెట్టు, చేసే కంపెనీలకి ఉన్న నియమం ప్రకారం రాసి ఉన్న వోల్టేజీలో 85 శాతం ఉంటే ఖచ్చితంగా లాక్కోవాలి, అంటే 415కి 353 వోల్టులు దాకా, ఆ కింద గ్యారంటీ లేదు. మా ఏరియాలో ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా లైను చివర ఉన్న బావుల దగ్గర పొద్దున నేను మీటర్ పెట్టి చూస్తే 300 చూపించిన రోజులు చాలా ఉన్నాయి. వ్యవసాయానికి వైడ్ వోల్టేజీ కాయిళ్లు అని వస్తున్నాయి, తక్కువ వోల్టేజీకి కూడా లాక్కునేలా చుట్టినవి, కొంచెం రేటు ఎక్కువైనా లైను చివర ఉన్నోళ్లు అవే వేయించుకోవాలి, మామూలు కాయిల్ సీజన్‌కి మూడు సార్లు మార్చే బదులు.

ఇప్పుడు ఆ పొద్దున్నే వోల్టేజీ ఎందుకు పడిపోతుందో చూడండి. 5 హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు, 40 ఆంపియర్లు దాటుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడే ఫేజుకి 33 ఆంపియర్లు, అంటే ఒక్క మోటార్ స్టార్ట్ అయితేనే దానికి మించి పోతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి 133 ఆంపియర్లు, దాని కింద ఇరవై మోటార్లకి ఆటో స్టార్టర్లు, అంటే కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండానే మోటార్ వేసేవి, ఉన్నాయనుకోండి, కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఇరవై మోటార్లు ఒకేసారి లేవాలని చూస్తాయి, ఎనిమిది వందల ఆంపియర్లు అడుగుతాయి. వోల్టేజీ కుప్పకూలుతుంది. కొన్ని స్టార్టర్లు లాక్కుంటాయి, కొన్ని సగంలో కొట్టుకుంటాయి, లాక్కున్నవి కూడా వోల్టేజీ పడగానే వదిలేస్తాయి, మళ్లీ లాక్కుంటాయి, పాయింట్ల మధ్య మంట లేస్తుంది, అతుక్కుపోతాయి. పది నిమిషాల్లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మూడు కాయిళ్లు పోతాయి, మధ్యాహ్నానికి మా షాపులో ఉంటాయి. మన దగ్గర 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు, అప్పుడు భూగర్భ నీళ్లు వృథా పోతాయి అన్న మాటే రైతుల చెవిలో పడింది, కాయిల్ కాలేది కూడా దానివల్లే అన్న మాట పడలేదు. అర్ధరాత్రి కరెంటు వచ్చిన రోజుల్లో చీకట్లో పాములు తేళ్లు ఉన్న గట్టు మీద నడిచి పోయి బటన్ నొక్కిన మనిషి ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడంటే నేను తప్పు పట్టను. తీయలేని వాళ్లు కనీసం టైమర్ ఉన్నదే పెట్టుకుని, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కిందోళ్లు కూర్చుని నీది ఒక నిమిషం నాది రెండు నిమిషాలు అని వేర్వేరుగా సెట్ చేసుకుంటే చాలు. మోటార్‌కి కెపాసిటర్ పెట్టుకున్నా లైను కొంత నిలబడుతుంది.

లో వోల్టేజీ లేకుండా కూడా కాయిల్ కాలుద్ది, అది ఇంకా బాధ. డబ్బా మూత ఊడిపోయి ఉంటుంది, లోపలికి ఎర్రచీమలు పోతాయి, బల్లులు పోతాయి, వెచ్చగా ఉంటుంది కదా. ఇనుము లాక్కునే టైంలో బల్లి మధ్యలో నలుగుతుంది, ఆ మిల్లీమీటర్ సందు చాలు, పైన చెప్పిందంతా జరగడానికి. నేను విప్పిన స్టార్టర్లలో ఎండిపోయిన బల్లులు ఎన్ని చూశానో లెక్కలేదు. తుప్పు, దుమ్ము, ఎవరో మంచికి పెట్టిన గ్రీజు, ఇవి కూడా అంతే. గ్రీజు ఇంకో తంటా తెస్తుంది, కరెంటు పోయినా ఇనుము జిడ్డుకి అతుక్కుని వదలదు. కాబట్టి సీజన్ మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను బంద్ చేయించి, మూత తీసి, పొడి గుడ్డతో ఆ ఇనుప ముఖాలు తుడిస్తే చాలు. ఆకురాయి పెట్టి గీకొద్దు, ఆ ముఖాలు ఫ్యాక్టరీలో సాపుగా గ్రైండ్ చేసి ఇచ్చినవి, మధ్య కాలు దగ్గర కావాలనే వెంట్రుక మందం సందు ఉంచుతారు, అది కరెంటు పోయాక మిగిలిపోయే అయస్కాంతానికి ఇనుము అతుక్కోకుండా వదలడానికి. గీకితే ఆ సందు పోతుంది.

ఇంకో చిన్న వస్తువు ఉంది, దాని గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఆ ఇనుప ముఖం మీద చిన్న గాడిలో ఒక రాగి రింగు దిగ్గొట్టి ఉంటుంది, రైతులే కాదు కొత్తగా పని నేర్చుకునే పిల్లలు కూడా అదేదో డెకరేషన్ అనుకుంటారు. ఏసీలో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నా అవుతుంది, సున్నా అయిన ప్రతిసారీ పట్టు కూడా సున్నా, స్ప్రింగు తోయడానికి చూస్తుంది, అందుకే గుయ్యిమని మోత. ఆ రాగి రింగులో ఇనుములోని అయస్కాంతమే కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు వల్ల రింగు కింద ఉన్న భాగంలో అయస్కాంతం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఒక భాగంలో సున్నా అయ్యేసరికి రెండో భాగంలో ఇంకా ఉంటుంది, పట్టు ఎప్పుడూ పూర్తిగా వదలదు. చిటికెన వేలి గోరంత రాగి ముక్క సెకనుకి వంద సార్లు ఆ ఇనుమును కాపాడుతుంది. అది పగిలిపోతే కొత్త కాయిల్ వేసినా స్టార్టర్ కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ కాయిల్ కూడా పోతుంది, మెకానిక్ మోసం చేశాడు అంటారు. కాయిల్ మార్చేటప్పుడు ఆ రింగు చూడమని మెకానిక్‌ని అడగండి అని రైతులకి చెప్పండి.

ఇక పుల్ల సంగతి. ఈ ఉత్తరం అసలు అందుకే మొదలుపెట్టా.

కాయిల్ కాలిపోయింది, కొత్తది తేవడానికి రెండు రోజులు పడుతుంది, మడి ఎండుతుంది. అప్పుడు ఏం చేస్తారంటే కదిలే ఇనుమును చేత్తో లోపలికి నొక్కి కట్టె పుల్ల పెట్టి బిగిస్తారు, కొంతమంది సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తారు. పాయింట్లు కలుస్తాయి, మోటార్ నడుస్తుంది. ఆ మధ్య ఒక పెద్దమనిషి వచ్చి, తమ్మీ, కాయిల్ ఎందుకు రా బై దండుగ, పుల్ల పెడితే నెల రోజుల సంది మంచిగనే నడుస్తాంది అన్నాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే అని ఒకటి ఉంటుంది కదా, మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ట్రిప్ అయ్యేది, అది మోటారుకి పోయే వైర్లను నేరుగా తెంపదు. అది తెంపేది కాయిల్‌కి పోయే సన్న వైరును. కాయిల్ వదిలితే, స్ప్రింగు తోస్తే, అప్పుడు మోటార్ ఆగాలి. ఎర్ర బటన్ కూడా అంతే, ఒక ఫేజు పోతే మోటార్‌ని ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా అంతే, అన్నీ కలిసి చేసేది ఒక్కటే, కాయిల్‌తో వదిలిపించడం. పుల్ల పెట్టామంటే కాయిల్ ఒక్కదాని పని కాదు, వీటన్నిటి పనీ బంద్ చేసినట్టు. ఒక ఫేజు పోతే మోటార్ రెండు ఫేజుల మీద మూలుగుతూ కాలిపోతుంది, రిలే ట్రిప్ అయి కూర్చుంటుంది కానీ దాని మాట వినేవాళ్లు లేరు. ఆ పెద్దమనిషి మోటార్ వైండింగ్‌కి వచ్చింది పోయిన నెలే, కారణం అదే, కాయిల్ దండుగ అనుకున్నాడు గానీ వైండింగ్‌కి దాని మీద ఎన్నో రెట్లు పెట్టాడు.

డబ్బులు పోతే మళ్లీ వస్తాయి. మా పక్క ఊళ్లో పాతికేళ్ల కుర్రాడు, పాత వ్యవసాయ బావి మీద మోటారు, మోటారుని పంపుతో కలిపే కప్లింగ్ దగ్గర రబ్బరు అరిగిపోతే కరెంటు లేని టైం చూసి మారుస్తున్నాడు. స్టార్టర్‌లో పుల్ల ఉంది, పెట్టింది వాళ్ల అన్న, ఇతనికి తెలీదు. కరెంటు వచ్చింది. పుల్ల లేకుంటే కరెంటు పోయినప్పుడే ఇనుము వదిలేసి ఉండేది, మళ్లీ ఎవరో బటన్ నొక్కితే గానీ మోటార్ తిరిగేది కాదు, ఆ నో వోల్ట్ కాయిల్ పెట్టిందే అందుకు. రెండు వేళ్లు పోయాయి కుడి చేతికి. వాళ్ల అన్న ఇప్పటికీ నా షాపు ముందు నుంచి పోయేటప్పుడు తల దించుకుని పోతాడు. అతనికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది, నేను కూడా ఇరవై ఏడేళ్లలో ఎంతమందికి చెప్పా, కాయిల్ ఇచ్చి డబ్బులు తీసుకుని పంపించడమే కదా చేసింది.

అందుకని మిమ్మల్ని అడిగేది, వ్యవసాయం పేజీలో ఒక్క అర పేజీ ఇవ్వండి, స్టార్టర్ విప్పిన ఫోటో పెద్దగా వేయండి, ఇనుము ఎక్కడ, కాయిల్ ఎక్కడ, రాగి రింగు ఎక్కడ, రిలే ఏ వైరును తెంపుతుంది, బాణాలు పెట్టి చూపించండి. కింద మూడు ముక్కలు చాలు: గుర్రుమంటే వెంటనే బంద్ చేయండి, సీజన్‌కి ఒకసారి లైను తీయించి లోపల తుడవండి, పుల్ల పెట్టకండి. చదువుల పేజీలో కూడా వేస్తే ఇంకా మంచిది, పదో తరగతి పిల్లలకి ఆ పాఠం పరీక్షకి ఎలాగూ ఉంది, ప్రతి హైస్కూల్ పక్కనా ఒక మోటార్ రిపేర్ షాపు ఉంటుంది, పాడైపోయిన స్టార్టర్ ఒకటి ఇవ్వమని సైన్స్ సార్లు అడిగితే ఏ మెకానిక్ కాదనడు. నేనైతే మా అమ్మాయి స్కూలుకి ఇప్పటికే రెండు ఇచ్చా, కరెంటు తగిలించకుండా చేత్తో నొక్కి చూసుకోవడానికి, ఆ పైపు ముక్క కాయిల్ కూడా ఇచ్చా. ఇంటికి పోయి వాళ్ల నాన్నలకి చెప్పేది ఆ పిల్లలే, మేం చెప్తే వ్యాపారం కోసం అనుకుంటారు.

ఫోటో కోసం మీ విలేకరి గారిని పంపిస్తే పాతది ఒకటి శుభ్రంగా విప్పి టేబుల్ మీద పరిచి పెడతా, బల్లి ఇరుక్కున్నది కూడా ఒకటి దాచి ఉంచా. మధ్యాహ్నం రెండు తర్వాత రమ్మనండి, పొద్దున పూట షాపులో నిలబడే జాగా ఉండదు.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
జనగామ జిల్లా